డిలే లూప్ గీ పెట్టకుండా చేతిలో ఉంచుకోవడం ఎలా

రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. ముందు చిన్న మిక్సర్, పక్కన కీబోర్డు, కాలి దగ్గర డిలే పెడల్. మిక్సర్ నుంచి పెడల్‌కి ఒక వైరు, పెడల్ నుంచి మళ్ళీ మిక్సర్‌కి ఇంకో వైరు. వాయించిన ఒక్క స్వరం చుట్లు తిరుగుతూ వస్తుంటే హాయిగా వింటున్నాను. కాసేపటికి అది తగ్గడం మానేసి పెరగడం మొదలుపెట్టింది. కంగారులో నాకు తోచింది ఒక్కటే, పెడల్ తొక్కి ఆఫ్ చేయడం. తొక్కాను. మరుక్షణం చెవుల్లో ఎవరో ఈల ఊదినట్టు కీచుమని కూత. హెడ్‌ఫోన్స్ పీకి మంచం మీద పడేస్తే ఆ చప్పుడు గుమ్మం దాకా వినిపించింది.

ఆపుదామని నొక్కిన స్విచ్చే దాన్ని అంతగా ఎందుకు రెచ్చగొట్టిందో తెలిసేసరికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ సంగతి కింద దాని చోట చెబుతాను. ముందు లూప్ ఎలా కట్టాలో, దాని పగ్గం ఎక్కడుంటుందో చూద్దాం.

మీకు కావలసినవి: కనీసం ఒక ఆక్స్ సెండ్ (చానెల్ శబ్దంలో కొంత బయటి పరికరానికి పంపే దారి) ఉన్న చిన్న మిక్సర్, ఒక డిలే పెడల్, రెండు పావు అంగుళం జాక్ వైర్లు, వాయించడానికి ఏదైనా ఒకటి, ఒక బొట్టుబిళ్ళ. ఆఖరిది తమాషాకి చెప్పింది కాదు.

మొదట లెక్క అర్థం చేసుకోండి

డిలే అంటే వచ్చిన శబ్దాన్ని కాసేపు దాచి తిరిగి ఇచ్చేది. అలా తిరిగి ఇచ్చినదాంట్లో కొంత భాగాన్ని మళ్ళీ దానికే తినిపిస్తే అది ఫీడ్‌బ్యాక్. ప్రతి చుట్టులోనూ కొంత తరుగు పోతుంటే లూప్ మెల్లగా సద్దుమణుగుతుంది. తరుగు లేకపోతే అలాగే తిరుగుతూ ఉంటుంది. తరుగు బదులు వడ్డీ కలుస్తుంటే మాత్రం అది చక్రవడ్డీయే, ఎక్కడ మొదలైందో మరిచిపోయేంతగా పెరుగుతుంది. మైక్‌సెట్ దగ్గర మనవాళ్ళు ‘రీసౌండ్’ అనే కూత కూడా ఇదే జాతి. అక్కడ చుట్టు తిరగడానికి పట్టే సమయం మరీ తక్కువ కాబట్టి మనకు విడివిడి ఎకోలుగా కాక ఒకే కూతగా వినిపిస్తుంది.

ఫీడ్‌బ్యాక్ 50 శాతం ఉంటే ప్రతి చుట్టుకీ 6 డీబీ (డెసిబెల్, శబ్దం మోతాదు కొలత) తగ్గుతుంది. పది చుట్లలో 60 డీబీ పోతుంది, అంటే ఇక వినిపించదు. 70 శాతం దగ్గర దానికి 20 చుట్లు పడతాయి, 90 దగ్గర దాదాపు 65, 95 దగ్గర 135. డిలే అర సెకను అనుకుంటే ఇవి వరుసగా 5 సెకన్లు, 10 సెకన్లు, 33 సెకన్లు, 67 సెకన్లు. నాబ్ మీద 90 నుంచి 95కి వెళ్ళడం వెంట్రుకవాసి కదలికే. చెవికి మాత్రం అది 70 నుంచి 90కి వెళ్ళినదానికన్నా పెద్ద అడుగు. అందుకే కొత్తవాళ్ళకి ‘ఇప్పటిదాకా బాగానే ఉంది, ఒక్కసారిగా పిచ్చెక్కింది’ అనిపిస్తుంది. ఒక్కసారిగా ఏమీ జరగలేదు, నాబ్ చివరి పావు భాగంలోనే కథంతా ఉంది.

100 శాతం గీత దాటాక కూడా ఇదే తీరు. 105 శాతం దగ్గర చుట్టుకి అర డీబీ కూడా పెరగదు. అర సెకను డిలే మీద పది సెకన్లలో 8 డీబీ పెరుగుతుంది, అంటే చేయి పెట్టి ఆపడానికి బోలెడంత సమయం ఉన్నట్టే. 120 శాతం దగ్గర అవే పది సెకన్లలో 30 డీబీ దాటుతుంది. ఇక ఆలోచించే టైమ్ ఉండదు.

వైర్లు కలపడం

మిక్సర్ ఆక్స్ సెండ్ అవుట్ నుంచి పెడల్ ఇన్‌పుట్‌కి ఒక వైరు. పెడల్ అవుట్‌పుట్ నుంచి మిక్సర్‌లో ఖాళీగా ఉన్న ఒక మామూలు చానెల్ లైన్ ఇన్‌కి ఇంకో వైరు. చాలా మిక్సర్లకు ‘ఆక్స్ రిటర్న్’ అని విడిగా జాక్ ఉంటుంది. దాన్ని వాడకండి. దానికి ఈక్యూ (అడుగు, నడిమి, పై శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించేది) ఉండదు, వచ్చినదాన్ని తిరిగి ఆక్స్‌లోకి పంపే నాబ్ కూడా సాధారణంగా ఉండదు. మనకు ఆ రెండూ కావాలి.

ఇప్పుడు కీబోర్డు చానెల్‌లో ఆక్స్ నాబ్ తిప్పితే దాని శబ్దం పెడల్‌లోకి పోతుంది. పెడల్ నుంచి వచ్చిన చానెల్‌లో, అంటే రిటర్న్ చానెల్‌లో, ఆక్స్ నాబ్ తిప్పితే ఎకో మళ్ళీ పెడల్‌లోకి పోతుంది. మన ఫీడ్‌బ్యాక్ నాబ్ ఈ రెండోదే. చాలా చిన్న మిక్సర్లలో ఆక్స్ నాబ్‌కి నడిమి గీత దగ్గర 0 డీబీ ఉంటుంది, పూర్తిగా కుడికి తిప్పితే అది 10 నుంచి 15 డీబీ దాకా అదనంగా కలుపుతుంది. అంటే నడుమ దాటిన తర్వాత వడ్డీ ఇచ్చేది ఆ నాబే.

ఇంకో మాట. గిటార్ పెడల్స్ బలహీనమైన సిగ్నల్‌కి అలవాటుపడ్డవి, మిక్సర్ ఇచ్చేది దానికన్నా చాలా బలమైనది. కీబోర్డు చానెల్ ఆక్స్‌ని ఎడమవైపే ఉంచి, పెడల్ లోపల బొరబొరమని పగలకుండా ఉన్న చోట ఆపండి.

చెవుల సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. నేర్చుకునే రోజుల్లో హెడ్‌ఫోన్స్ వద్దు, చిన్న స్పీకర్ పెట్టుకుని, మాస్టర్ (మొత్తం శబ్దం నాబ్) మీరు మామూలుగా వినేదానికన్నా తగ్గించండి. అమెరికాలో పనిచోట్ల ఆరోగ్య భద్రతపై పరిశోధించే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డీబీఏ (చెవి వినే తీరుకి సరిచేసిన డీబీ) శబ్దాన్ని రోజుకు 8 గంటలు వినొచ్చు, ఆపైన ప్రతి 3 డీబీకీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంట. గది మైకు ఏదైనా తెరిచి ఉంటే మూసేయండి. లేకపోతే స్పీకర్ నుంచి మైకులోకి మీకు తెలియని ఇంకో లూప్ నడుస్తూ ఉంటుంది.

పెడల్‌లో నేరు శబ్దం ఉండకూడదు

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. పెడల్‌కి ‘మిక్స్’ నాబ్ ఉంటే పూర్తిగా కుడికి, 100 శాతం ఎకో మీదకి తిప్పండి. ఎందుకో చూడండి. మిక్స్ సగంలో ఉంటే పెడల్ రెండు శబ్దాలు ఇస్తుంది, ఆలస్యంగా వచ్చే ఎకో ఒకటి, ఆలస్యం లేకుండా నేరుగా దూసుకొచ్చే అసలు శబ్దం ఒకటి. ఎకో ఒక చుట్టు తిరగడానికి అర సెకను తీసుకుంటుంది. ఆ నేరు శబ్దం మాత్రం మిక్సర్‌కీ పెడల్‌కీ మధ్య కనురెప్ప వేసేలోపు వందల చుట్లు తిరిగేస్తుంది. దానిదే ఆ కీచు కూత.

కొన్ని పెడల్స్‌కి మిక్స్ నాబ్ బదులు ‘ఎఫెక్ట్ లెవెల్’ ఉంటుంది. అది ఎకోని పెంచుతుంది, తగ్గిస్తుంది గానీ నేరు శబ్దాన్ని ఆపదు. అలాంటి వాటిలో కొన్నిటికి ‘డైరెక్ట్ అవుట్’ అని విడిగా ఒక జాక్ ఉంటుంది. అందులో ఉత్త జాక్ ఒకటి దోపితే మామూలు అవుట్‌పుట్‌లో ఎకో మాత్రమే మిగులుతుంది. ఏ దారీ లేకపోతే ఆ పెడల్‌ని మిక్సర్ లూప్‌లో పెట్టకండి. రిటర్న్ చానెల్ ఆక్స్‌ని సున్నాలోనే ఉంచి, పెడల్ మీదున్న ఫీడ్‌బ్యాక్ నాబ్‌తోనే సరిపెట్టుకోండి.

నేను పెడల్ తొక్కిన రాత్రి జరిగింది ఇదే. బైపాస్‌లో ఉన్న, అంటే తొక్కి ఆఫ్ చేసిన, పెడల్ అంటే ఉత్త వైరు. ఆక్స్ నుంచి వెళ్ళిన శబ్దం ఏ ఆలస్యమూ లేకుండా తిరిగి అదే ఆక్స్‌లోకి వచ్చేసింది. ఎకోని ఆపుదామని, ఎకోకి ఉన్న ఆ కాస్త ఆలస్యాన్ని కూడా నేనే తీసేశాను.

పెడల్ మీది ఫీడ్‌బ్యాక్ నాబ్‌ని సున్నాకి తెచ్చేయండి. రెండు ఫీడ్‌బ్యాక్‌లు ఒకే డిలే చుట్టూ ఉంటే ఆ రెండూ కూడుకుంటాయి. పెడల్‌లో 60 శాతం, మిక్సర్‌లో 50 శాతం అంటే దేనికదే పెద్దమనిషిలా కనిపిస్తుంది. కలిపితే 110. నాకు తెలిసిన మిత్రుడొకడు ఈ లెక్క తెలియక మంచి పెడల్‌ని పాడైపోయిందనుకుని అమ్మేశాడు.

ఆక్స్ ఫేడర్‌కి ముందా, తర్వాతా?

ఫేడర్ అంటే చానెల్ మోతాదుని పెంచి తగ్గించే జారుడు మీట. ఆక్స్ శబ్దాన్ని దానికి ముందు తీసుకుంటే ‘ప్రీ’, తర్వాత తీసుకుంటే ‘పోస్ట్’. మిక్సర్ మీద ఆ పేర్లతో చిన్న స్విచ్ ఉండొచ్చు. లేకపోతే ఇలా కనిపెట్టండి. ఒక స్వరం వాయించి లూప్ తిరుగుతుండగా రిటర్న్ చానెల్ ఫేడర్ పూర్తిగా కిందికి లాగండి. ఐదు అంకెలు లెక్కపెట్టి మెల్లగా పైకి తీసుకురండి. ఎకో చచ్చిపోయి ఉంటే మీ ఆక్స్ పోస్ట్, ఇంకా తిరుగుతూ ఉంటే ప్రీ.

ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది, చేతికి మాత్రం చాలా పెద్దది. పోస్ట్‌లో ఫేడర్ రెండు పనులు చేస్తుంది. మీకు వినిపించేదాన్నీ తగ్గిస్తుంది, లూప్‌లోకి పోయేదాన్నీ తగ్గిస్తుంది. ప్రీలో ఫేడర్ వినికిడి వరకే. అంటే ప్రీలో ఉండి లూప్ పెరుగుతుంటే మీరు ఫేడర్ దించగానే నిశ్శబ్దం వస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. లోపల అది పెరుగుతూనే ఉంటుంది. తర్వాత ఫేడర్ లేపినప్పుడు గుండె ఝల్లుమంటుంది. కొత్తలో పోస్ట్‌లోనే ఉండండి. చేయి తిరిగాక ప్రీకి వెళ్ళొచ్చు. ఎకోని చాటున పెంచి, అదను చూసి బయటికి తెచ్చే ఆట ప్రీతోనే వస్తుంది.

బొట్టుబిళ్ళ ఎక్కడ అంటించాలి

ఇప్పుడు ‘ఒకటి’ ఎక్కడుందో వెతకాలి. తరుగూ వడ్డీ రెండూ లేని చోటు అన్నమాట. డిలేని 400 మిల్లీసెకన్ల దగ్గర పెట్టండి. రిటర్న్ ఫేడర్‌ని 0 గీత మీద, ఈక్యూ నాబ్‌లన్నిటినీ నడుమ ఉంచండి. కీబోర్డులో వుడ్‌బ్లాక్ లాంటి పొట్టి శబ్దం ఒక్కసారి కొట్టి, వెంటనే కీబోర్డు ఆక్స్‌ని మూసేయండి. ఎనిమిది ఎకోలు లెక్కపెట్టండి. మొదటిదీ ఎనిమిదోదీ పోల్చి చూసుకుని రిటర్న్ ఆక్స్‌ని ఇంకాస్త తిప్పండి. మళ్ళీ కొట్టండి. రెండూ సమానంగా వినిపించిన చోట ఆగండి.

తొందరపడి అక్కడే అంటించేయకండి. ఇదే పని అడుగు సప్తకంలో ఒక లావుపాటి స్వరంతోనూ, పైన సన్నటి స్వరంతోనూ చేయండి. మూడింటికీ మూడు వేర్వేరు చోట్లు వస్తాయి. మిక్సర్, పెడల్, వైర్లు అన్నీ కలిసి అన్ని స్వరాలనూ ఒకేలా పంపవు కదా. నాబ్ అన్నిటికన్నా తక్కువ తిరిగినప్పుడు ఏ స్వరం తగ్గడం మానేసిందో, ఆ చోటే అసలు గీత. లూప్ మొదట గీ పెట్టేది ఆ స్వరంలోనే. బొట్టుబిళ్ళ అక్కడ అంటించండి. చీకటి స్టేజీ మీద వేలికి తగిలి తెలుస్తుంది. మార్కర్ గీత అలా తెలియదు.

ఈక్యూ ముట్టుకున్నా, పెడల్ లెవెల్ మార్చినా, ఫేడర్ కదిపినా ఆ గీత జరుగుతుంది. అలా మార్చిన ప్రతిసారీ మళ్ళీ వెతకాలి, విసుగు పడకండి.

లూప్ లోపలి ఈక్యూ

రిటర్న్ చానెల్ ఈక్యూ ఇప్పుడు లూప్ లోపల ఉంది. అంటే ఒక్కసారి తిప్పితే ప్రతి చుట్టులోనూ పని చేస్తుంది. హై నాబ్‌ని 1 డీబీ తగ్గిస్తే ఇరవయ్యో ఎకోకి 20 డీబీ తగ్గినట్టు. అందుకే మామూలు మిక్సింగ్‌లో చేసినట్టు ఇక్కడ ఎడాపెడా తిప్పకూడదు. రెండు మూడు డీబీలే చాలా ఎక్కువ.

పెంచడం అసలు వద్దు. లూప్ మొత్తంగా చుట్టుకి 1 డీబీ తగ్గుతోందనుకుందాం, నిక్షేపంలా ఉన్నట్టే. ‘కాస్త మెరుపు ఉంటే బాగుంటుంది’ అని మిడ్‌ని 3 డీబీ లేపారు. ఆ స్వరాల వరకూ చుట్టుకి 2 డీబీ వడ్డీ, పది చుట్లలో 20 డీబీ. మిగతా శబ్దమంతా తగ్గుతూ ఉంటే అది ఒక్కటే లోపలినుంచి మొలకలా లేచి మొత్తాన్ని కమ్మేస్తుంది. మెరుపు కావాలంటే కీబోర్డు చానెల్‌లో పెంచుకోండి, అక్కడైతే ఒక్కసారే కలుస్తుంది.

తగ్గించేటప్పుడు నా అలవాటు ఇది. లో నాబ్ 3 డీబీ కిందికి, హై నాబ్ 2 డీబీ కిందికి, లో కట్ స్విచ్ (అడుగు శబ్దాన్ని కోసేది) ఉంటే నొక్కేయడం. ఎకోలు దూరం వెళ్తున్నకొద్దీ సన్నబడి, మసకబారి, వెనక్కి తప్పుకుంటాయి. అప్పుడు ముందు వాయించేదానికి చోటు దొరుకుతుంది. 1970ల్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో డబ్ సంగీతాన్ని (రెగే పాటలను ఎకోలతో కొత్తగా మిక్స్ చేసే పద్ధతి) మలిచిన కింగ్ టబ్బీ వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ మనిషి. ఆయన మిక్సర్‌లో ఉన్న హై పాస్ ఫిల్టర్ నాబ్‌కి పాటలతో సమానంగా పేరొచ్చింది. అడుగు శబ్దాన్ని చెక్కేస్తూ ఎకోలను ఎగరేసే ఆ పద్ధతి ఇప్పటికీ డబ్ వినే ఎవరికైనా తెలుస్తుంది.

ఇక్కడ హమ్ గురించి, అంటే కరెంటు నుంచి శబ్దంలోకి చేరే గుయ్యిమనే మోత గురించి, కొంచెం ఎక్కువ చెప్పాలి, మన ఇళ్ళలో దాని బెడద ఎక్కువ. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే 20 మిల్లీసెకన్లకు ఒక అల. డిలే 400 మిల్లీసెకన్లు పెడితే అందులో సరిగ్గా 20 అలలు పడతాయి. తిరిగొచ్చిన హమ్, కొత్తగా వస్తున్న హమ్ అడుగులో అడుగు వేసి కలుస్తాయి. ఫీడ్‌బ్యాక్ 90 శాతం ఉంటే అది పదింతలవుతుంది, అంటే 20 డీబీ. అప్పటిదాకా వినిపించనిది గుయ్యిమని లేస్తుంది. డిలేని 410 చేస్తే ఇరవైన్నర అలలు పడి, వచ్చేదీ పోయేదీ ఎదురెదురై 50 హెర్ట్జ్ హమ్ సగానికి పడిపోతుంది. కానీ అడాప్టర్ల నుంచి వచ్చే గుర్రు చాలాసార్లు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దానికి 410 కూడా సరిగ్గా అడుగు కలిసే చోటే. 405 పెట్టి చూడండి. 100 హెర్ట్జ్ ఎదురుపడి అణుగుతుంది, 50 హెర్ట్జ్ కూడా పెరగకుండా కాస్త తగ్గుతుంది. 200 హెర్ట్జ్ దగ్గర ఏమైనా ఉంటే దానికి ఈ చిట్కా పని చేయదు. 5 మిల్లీసెకన్ల తేడా తాళంలో ఎవరికీ తెలియదు. పెడల్ మీద అంకెలు కనిపిస్తేనే ఇది కుదురుతుంది, నాబ్ మాత్రమే ఉంటే చెవితో వెతుక్కోవాలి.

అయినా ఇది పై పూత మందే. మిక్సర్నీ పెడల్ అడాప్టర్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టడం, పెడల్‌కి విడిగా మంచి అడాప్టర్ వాడటం, ఆడియో వైర్లను కరెంటు వైర్ల పక్కన చుట్టి పడేయకపోవడం, ఇవి ముందు.

బ్రేకు లూప్ లోపలే ఉండాలి

‘మాస్టర్ మీద లిమిటర్ పెట్టాను కదా, ఇంకేం టెన్షన్’ అనుకుంటారు చాలామంది. లిమిటర్ అంటే శబ్దం ఒక హద్దు దాటకుండా అడ్డుకునేది. మాస్టర్ లిమిటర్ మీ చెవిని, స్పీకర్‌ని కాపాడుతుంది. లూప్‌ని ఆపదు. అది లూప్‌కి బయట ఉంది కాబట్టి లోపల ఎంత పెరుగుతోందో దానికి సంబంధం లేదు. మీకు శబ్దం ఒకే మోతాదులో వినిపిస్తూ ఉంటుంది, లోపల ఎకో కొండలా పెరిగి, కొత్తగా వాయించిన స్వరం దాని కింద నలిగిపోతుంది.

పెడల్ అవుట్‌పుట్‌కీ రిటర్న్ చానెల్‌కీ మధ్య పెద్ద శబ్దాన్ని అణచే ఒక కంప్రెసర్‌ గానీ లిమిటర్‌ గానీ పెట్టండి. అప్పుడు ఫీడ్‌బ్యాక్ గీత దాటినా, శబ్దం కంప్రెసర్ పట్టుకునే మట్టం దాకా పెరిగి అక్కడ నిలబడుతుంది. పేలదు. తనంతట తాను తగ్గదు కూడా, నాబ్‌ని బొట్టుబిళ్ళకి ఇవతలికి తెచ్చేదాకా అక్కడే తిరుగుతుంది.

చిన్న మిక్సర్ల చానెళ్ళలో ఉండే ఒకే నాబ్ కంప్రెసర్‌తో జాగ్రత్త. వాటిలో చాలావరకు నాబ్ తిప్పేకొద్దీ లోలోపల గెయిన్ (మొత్తం మోతాదు) కూడా పెంచుతాయి. పెద్ద శబ్దాన్ని అణచి చిన్న శబ్దాన్ని లేపడం పాటకి బాగుంటుంది. లూప్‌లో అయితే అది చిన్న శబ్దాలన్నిటికీ వడ్డీ ఇవ్వడమే, అడుగున ఉన్న హిస్ (సన్నటి సుయ్యిమనే రొద) మేలుకుంటుంది. వాడితే మళ్ళీ గీత వెతికి బొట్టుబిళ్ళ మార్చండి.

నా మటుకు నాకు కంప్రెసర్ కన్నా కాస్త మురికి చేసే పరికరమే ఇష్టం. ఓవర్‌డ్రైవ్ పెడల్‌ని డ్రైవ్ బాగా తగ్గించి, లెవెల్ జాగ్రత్తగా పెట్టి లూప్‌లో ఉంచండి. శబ్దం పెరిగేకొద్దీ దాని తలలు గుండ్రంగా నలుగుతాయి, ఆ నలగడమే బ్రేకు. పాత టేప్ ఎకోలు (టేపు మీద ఎక్కించి ఎకో పుట్టించే యంత్రాలు) చేసింది అదే. 1974లో వచ్చిన రోలాండ్ స్పేస్ ఎకో ఆర్ఈ-201లో ఫీడ్‌బ్యాక్ నాబ్ పేరు ‘ఇంటెన్సిటీ’. దాన్ని బాగా పైకి తిప్పితే ఎకో ఆగకుండా తిరుగుతుంది, కానీ టేపు పట్టగలిగినదానికి ఒక హద్దు ఉంది కాబట్టి అది చెవి కోసే కూత కాక బరువైన హోరు అవుతుంది. అంతకు రెండేళ్ళ ముందు, 1972లో లండన్‌లో సంగీతకారులు బ్రయన్ ఈనో, రాబర్ట్ ఫ్రిప్ రెండు రీల్ టేప్ రికార్డర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో రికార్డయిన టేపు రెండోదాని మీదుగా పోయేలా చేశారు. రెండోది చదివినదాన్ని మళ్ళీ మొదటిదానికి పంపారు. వాటి మధ్య దూరమే డిలే. వెనక్కి పంపిన మోతాదే ఫీడ్‌బ్యాక్. ప్రతి చుట్టులో టేపు కాస్త అరగదీసేది. డిజిటల్ డిలేలో ఆ అరుగుదల ఉండదు, మనమే పెట్టుకోవాలి.

వాయించేటప్పుడు

కుడిచేయి వాద్యం మీద, ఎడమచేయి రిటర్న్ ఆక్స్ మీద. మామూలుగా బొట్టుబిళ్ళకి వెంట్రుకవాసి ఇవతల ఉంచండి. ఒక పదమో స్వరమో ఎగరేయాలంటే గీత దాటించి, రెండు మూడు ఎకోలు పెరగనిచ్చి, వెనక్కి రండి. ఎంతసేపు దాటి ఉండొచ్చో చుట్లలో లెక్కపెట్టండి, సెకన్లలో కాదు. డిలే 400 మిల్లీసెకన్లు ఉంటే రెండు సెకన్లలో ఐదు చుట్లు, 200 మిల్లీసెకన్లకి తగ్గిస్తే అదే రెండు సెకన్లలో పది చుట్లు తిరుగుతుంది. పొట్టి డిలే మీద లూప్ పారిపోయే వేగం ఎందుకు ఎక్కువో ఇక్కడే ఉంది.

ఆగకుండా వాయిస్తూ ఉంటే ఇంకో చిక్కు. గీత దాటకపోయినా శబ్దం పోగుపడుతుంది. 80 శాతం ఫీడ్‌బ్యాక్‌తో ఎడతెగకుండా వాయిస్తే లూప్ మట్టం మీరు వాయించేదానికన్నా 4 డీబీ పైన నిలబడుతుంది, 90 దగ్గర 7 డీబీ, 95 దగ్గర 10 డీబీ. అంత జాగా మీటర్‌లో ముందే వదిలిపెట్టుకోండి. లూపర్ పెడల్‌తో పొర మీద పొర వేసేవాళ్ళకి ఇంకా కష్టం, అందులో సాధారణంగా పాత పొరలు 100 శాతం నిలిచి ఉంటాయి. నాలుగు పొరలకి 6 డీబీ, ఎనిమిదికి 9. ఒకే స్వరం, ఒకే దెబ్బ మీద పడితే రెండు పొరలకే 6. మీ లూపర్‌కి ‘డికే’ లాంటి సెట్టింగ్ ఉంటే 90 దగ్గర పెట్టి చూడండి, పాతవి వాటంతటవే తప్పుకుంటాయి.

చేయి దాటిపోతే

ముందు రిటర్న్ ఆక్స్ సున్నాకి. అంతే. దాంతో చుట్టు తెగుతుంది, పెడల్‌లో అప్పటికే ఉన్నది ఒక్కసారి వినిపించి పోతుంది. మాస్టర్ దించితే చెవికి ఉపశమనమే తప్ప లూప్ ఆగదు. పెడల్ మాత్రం తొక్కకండి, కారణం పైన చూశారు. ఆక్స్ దించే ఈ పనిని ఖాళీగా ఉన్నప్పుడు, లూప్ మెల్లగా పెరుగుతుండగా పదిసార్లు చేయండి. భయంలో చేయి తనకు అలవాటైన చోటికే పోతుంది, కాబట్టి ఆ చోటు ఆక్స్ నాబే అయ్యేదాకా చేయాలి.

కంప్యూటర్‌లో కడితే

లెక్కంతా ఇదే, ప్రమాదం మాత్రం ఎక్కువ. మిక్సర్‌లో ఏదో ఒక చోట శబ్దం నలిగి ఆగుతుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల లెక్కలు ఫ్లోటింగ్ పాయింట్‌లో జరుగుతాయి, అక్కడ పైకప్పు అనేదే దాదాపు లేదు. చుట్టుకి 3 డీబీ వడ్డీతో అర సెకను లూప్ పది సెకన్లలో 60 డీబీ పెరుగుతుంది, ఏమీ నలగదు. ఆ మొత్తం సౌండ్‌కార్డ్ దగ్గరికి వచ్చి ఒక్కసారిగా గోడకి కొట్టుకుంటుంది. మీకు వినిపించేది పూర్తి మోతాదులో రంపపు కోత.

అందుకే చాలా సాఫ్ట్‌వేర్లు ఈ దారిని మూసి ఉంచుతాయి. రీపర్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఫీడ్‌బ్యాక్ రూటింగ్‌కి అనుమతి ఇస్తేనే ట్రాక్ నుంచి దానికే తిరిగి పంపగలరు. ఏబుల్టన్ లైవ్‌లో రిటర్న్ ట్రాక్ మీది సెండ్ నాబ్‌లు మొదట పని చేయవు, రైట్ క్లిక్ చేసి తెరవాలి. తెరిచే ముందే డిలే తర్వాత అదే ట్రాక్‌లో ఒక లిమిటర్ పెట్టండి, తర్వాత మాస్టర్ మీద ఇంకోటి. మొదటిది లూప్‌కి, రెండోది మీ చెవికి. ప్యూర్ డేటాలో (పెట్టెలను గీతలతో కలిపి శబ్ద ప్రోగ్రాములు కట్టే సాఫ్ట్వేర్) సొంతంగా కట్టేవాళ్ళు డిలే చదివిన చోటికీ రాసే చోటికీ మధ్య శబ్దాన్ని హద్దు దగ్గర కోసేసే ఒక క్లిప్ ఆబ్జెక్ట్ పెట్టుకోండి. అందులో శబ్దం 64 శాంపిళ్ళ (శబ్దాన్ని కొలిచిన అంకెల) కట్టలుగా నడుస్తుంది, సెకనుకి 44,100 శాంపిళ్ళ రేటు దగ్గర అది దాదాపు 1.45 మిల్లీసెకన్లు. మామూలుగా ఫీడ్‌బ్యాక్ లూప్ అంతకన్నా పొట్టిగా ఉండదు.

ప్లగిన్‌లో డ్రై, అంటే నేరు శబ్దం, పూర్తిగా తీసేయడం ఇక్కడా మరవకండి.

పని అయ్యాక కట్టేసే వరుస: రిటర్న్ ఆక్స్ సున్నా, ఫేడర్లు కిందికి, స్పీకర్ ఆఫ్, తర్వాత మిక్సర్, ఆఖరున పెడల్. ఆక్స్ తెరిచి వదిలేస్తే మర్నాడు ఆన్ చేయగానే వచ్చే ‘టప్’మనే చప్పుడు లూప్‌లో పడి, మీరు కుర్చీలో సర్దుకునేలోపే చుట్లు మొదలుపెడుతుంది.